‘భూమి ఇచ్చింది’ అనవచ్చా? నిస్గా ఒడంబడికను తెలుగులో చెప్పడం ఎలా

ప్రశ్న:
కెనడా ఆదివాసుల గురించి మా సంఘం పత్రికకు వ్యాసం రాస్తున్నాను. బ్రిటిష్ కొలంబియాలోని నిస్గా ప్రజలు ప్రభుత్వాలతో కుదుర్చుకున్న ట్రీటీ గురించి. దీన్ని సంధి అనాలా, ఒప్పందం అనాలా? మొదటి వాక్యం ఇలా పెట్టాను: “2000లో కెనడా ప్రభుత్వం నిస్గా తెగకు రెండు వేల చదరపు కిలోమీటర్ల భూమిని ఇచ్చింది.” పెద్దలు సరిచూడగలరు.

జవాబు:
ట్రీటీ సంగతి ముందు తేల్చేద్దామండీ, అది సులువు. ‘సంధి’ అనగానే యుద్ధం ఆగిందన్న అర్థం వస్తుంది. నాస్ నది లోయలో బ్రిటిష్‌వాళ్లు నిస్గాలతో యుద్ధం చేసి గెలిచింది లేదు. ‘ఒప్పందం’ తప్పేమీ కాదు గానీ అద్దె ఇంటికీ అదే మాట, అణు కార్యక్రమానికీ అదే మాట. నేనైతే ‘ఒడంబడిక’ అంటాను. ఒడంబడటం అంటే సమ్మతించడం. రెండు పక్షాల సమ్మతీ ఆ మాటలోనే ఉంది.

నా అభ్యంతరమంతా మీ క్రియ మీద. ‘ఇచ్చింది’ అన్న మాట దయచేసి తీసేయండి. ఆ మాట మీదే నిస్గాలు నూరేళ్లకు పైగా పోట్లాడారు. 1887లో వాళ్ల పెద్దలు రాజధాని విక్టోరియా దాకా వెళ్లి ఒడంబడిక కావాలని అడిగితే ప్రభుత్వం కాదని తిప్పి పంపింది. ఆ ఏడాదే అక్కడి తీరానికి వచ్చిన విచారణ సంఘం ముందు డేవిడ్ మెకే అనే నిస్గా ప్రతినిధి మాట్లాడాడు. ఆయన అన్నదాని సారం ఇది: ‘మీకు ఇంత భూమి ఇస్తామంటోంది ప్రభుత్వం. అది మాదే అయినప్పుడు వాళ్లు ఇవ్వడమేమిటి? మా దగ్గర గానీ మా తాతల దగ్గర గానీ కొన్నారా? యుద్ధం చేసి గెలుచుకున్నారా? మా భూమినే మాకు ఇస్తామంటే మాకు అర్థం కావడం లేదు.’ ఇది చదివాక ‘ఇచ్చింది’ అని రాయడానికి చెయ్యి ఆడదు.

ఆ తర్వాత కూడా దారి తేలికగా లేదు. 1927 నుంచి 1951 దాకా భూమి హక్కుల కోసం ఆదివాసులు చందాలు వసూలు చేయడం, లాయర్లను పెట్టుకోవడం కూడా నేరమే. నిస్గా నాయకుడు ఫ్రాంక్ కాల్డర్ తదితరులు వేసిన కేసులో 1973లో కెనడా సుప్రీంకోర్టులో నిస్గాలు సాంకేతికంగా ఓడిపోయారు. కానీ ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఒక మాట ఒప్పుకున్నారు: తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఆ భూమి మీద వాళ్లకు హక్కు ఉంది, దాన్ని చట్టం కూడా ఎరుగును. ఆ హక్కు ఇంకా మిగిలి ఉందా లేదా అన్న దగ్గరే ముగ్గురూ ముగ్గురూ చీలిపోయారు. 1976లో ఫెడరల్ ప్రభుత్వం చర్చలు మొదలుపెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం 1990 దాకా బల్ల దగ్గరికే రాలేదు. 1998 ఆగస్టు 4న పొడి సంతకాలయ్యాయి. 2000 మే 11 నుంచి ఒడంబడిక అమల్లోకి వచ్చింది.

కాబట్టి మీ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: “నాస్ లోయలో దాదాపు రెండు వేల చదరపు కిలోమీటర్ల భూమి నిస్గాల సొంతమని కెనడా, బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వాలు ఒడంబడిక ద్వారా గుర్తించాయి.” పనిలో పనిగా ‘తెగ’ తీసి ‘నిస్గా జాతి’ అని పెట్టండి. చర్చల్లో వాళ్లు కూర్చున్నది ఆ హోదాలోనే.

వ్యాఖ్య:
‘గుర్తించింది’ అంటే మరీ మెత్తగా, సర్టిఫికెట్ ఇచ్చినట్టు లేదా సార్? పాఠకుడికి ఏం జరిగిందో తెలియాలి కదా. పైగా వాళ్లు తమదన్న భూమిలో పదో వంతు కూడా రాలేదు. మిగతాది వదులుకున్నారనే రాయాలి.

జవాబు:
మంచి మాట అడిగారు. కీలకం అక్కడే ఉంది. పాత ఒడంబడికల్లో ఒక మంత్రం లాంటి వాక్యం ఉండేది: హక్కులన్నీ వదులుతున్నాం, విడుదల చేస్తున్నాం, అప్పగిస్తున్నాం అని. ఆధునిక ఒడంబడికల్లో మొదటిది, 1975లో క్రీ, ఇన్యుట్ ప్రజలు క్వెబెక్‌లో కుదుర్చుకున్న జేమ్స్ బే ఒడంబడికలోనూ అదే భాష. మన రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. ఆడపడుచు చేత సంతకం పెట్టించేటప్పుడు రాస్తారే, ‘ఇకమీదట సదరు ఆస్తిలో నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కుభుక్తములు లేవు’ అని, అచ్చం అదే. హక్కు లేనివాళ్ల దగ్గర విడుదల పత్రం ఎవరూ రాయించుకోరు. ఆ కాగితమే హక్కు ఉండేదనడానికి సాక్ష్యం.

నిస్గాలు ఆ వాక్యానికి ఒప్పుకోలేదు. వాళ్ల ఒడంబడికలో ఉన్న మాటల భావం: మూలవాసులుగా వాళ్లకున్న హక్కులు ‘మార్పు చెందాయి, మారిన రూపంలో కొనసాగుతాయి’. పోయాయి అని లేదు. ‘కొనసాగుతాయి’ అన్న ఆ ఒక్క క్రియ కోసం ఎంత బేరమాడి ఉంటారో ఆలోచించండి. 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్‌లో కూడా ఆదివాసుల హక్కులను ‘గుర్తించి, ధ్రువీకరిస్తున్నాం’ అనే ఉంది. అందుకే ‘గుర్తించింది’ నాకు మెత్తగా అనిపించదు. మెత్తగా ఉందంటే మన వార్తల భాష దాన్ని అలా అరగదీసింది.

వ్యాఖ్య:
ఒక సవరణ అండి. నిస్గా ఒడంబడికలో ‘విడుదల’ పూర్తిగా లేకుండా పోలేదు. ఒడంబడికలో చెప్పినవి కాక ఇంకేమైనా హక్కు మిగిలిందని తేలితే, దాన్ని ప్రభుత్వానికి విడుదల చేస్తున్నామనే క్లాజు వెనకాల ఉంది. పైగా పొరుగున ఉన్న గిటన్యో ప్రజలు ఆ ప్రాంతంలో కొంత తమదని అభ్యంతరం చెప్పారు. అదీ రాస్తే న్యాయంగా ఉంటుంది.

జవాబు:
నిజమేనండి, రెండూ రాయాలి. ముందు తలుపు దగ్గర వద్దన్న మాట వెనక తలుపు నుంచి కొంత వచ్చిందనే చెప్పాలి.

మన దగ్గరి సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. 2006 అటవీ హక్కుల చట్టం పేరులోనే ‘గుర్తింపు’ ఉంది. ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని పీఠికలో రాసుకున్నారు. మన పేపర్లలో మాత్రం ఎప్పుడు చూసినా ‘పోడు పట్టాల పంపిణీ’. పంపిణీ అంటే రేషన్ బియ్యం, చీరలు గుర్తొస్తాయి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చెలకకు ఆ మాట రాస్తున్న సబ్‌ఎడిటర్లు ఈ గ్రూపులోనే ఉన్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను: ‘పోడు హక్కుల గుర్తింపు’ అని శీర్షిక పెట్టడానికి స్థలం చాలదా?

వ్యాఖ్య:
శీర్షికకు చాలుతుంది సార్, మా డెస్కులో అడుగుతాను. అడిగినవారికి ఇంకొక్క మాట. నిస్గా భూముల్లో ఖనిజాలూ అడవులూ వాళ్లవే. ‘యాజమాన్యం’ అంటే అది సరిగా తెలియదేమో. మన పాత దాన శాసనాల్లో ‘నిధి నిక్షేప జల పాషాణ’ అంటూ లెక్కపెట్టే అష్టభోగాలు, అంటే భూమి మీద ఎనిమిది రకాల హక్కులు, ఉన్నాయి కదా. అయితే అవి రాజు దానమిచ్చే సందర్భంలోని మాటలు. ఇక్కడ మళ్లీ ఇచ్చినవాడు ప్రత్యక్షమవుతాడు. ‘ఖనిజాలు, అడవులతో సహా పూర్తి స్వామ్యం’ అని నేరుగా రాసేయండి.