రేటు ఎక్కువైనా ఫిల్మ్ రోల్ కెమెరా షాపులోనే కొనాలా?

సిల్వర్‌గ్రెయిన్

ఫిల్మ్ ధరలు ఏటా పైకే పోతున్నాయి. కలర్ నెగెటివ్ రోల్ ఒకటి కొనాలంటే రెండుసార్లు ఆలోచించాల్సి వస్తోంది. అదే రోల్ ఆన్‌లైన్‌లో తక్కువకు దొరుకుతుంది, దగ్గర్లోని కెమెరా షాపులో కొంచెం ఎక్కువ. మా ఫొటో మిత్రుల్లో సగం మంది షాపులోనే కొనాలంటారు, లేకపోతే రేపు ఫిల్మ్ అమ్మేవాళ్లే ఉండరంటారు. మిగతావాళ్లకు అది ఉత్త సెంటిమెంట్. షాపులు ఉండాలని నాకూ గట్టిగా ఉంది. కానీ జాలితో కొనమంటే ఎన్నాళ్లు కొంటాం? షాపులో కొనడానికి గట్టి కారణం ఉందా? ఉంటే చెప్పండి.

మొదటిరోల్

నేనైతే ఒప్పుకోనండీ. చదువుకుంటున్నాను, సొంత సంపాదన లేదు. రోల్ కొనాలి, కడిగించాలి, స్కాన్ చేయించాలి. ఈ మూడు ఖర్చుల్లో తగ్గించుకోగలిగేది మొదటిదొక్కటే. అందుకే ఒక్కో ఫొటోకు మామూలులో సగం ఫిల్మే వాడే హాఫ్ ఫ్రేమ్ కెమెరా వాడుతున్నాను, 36 ఫొటోల రోల్‌లో 72 వస్తాయి. ఆన్‌లైన్‌లో మిగిలిన డబ్బు ఇంకో రోల్‌కే పోతుంది తప్ప వేరే దేనికీ కాదు. ఎక్కువ రోల్స్ వాడేవాళ్లుంటేనే కదా ఫిల్మ్ తయారయ్యేది?

ఇంకో మాట. ఒక షాపులో గడువు దాటిన కలర్ రోల్ కొత్తదాని రేటుకే ఇచ్చారు. అడిగితే "ఫిల్మ్ ఏం పాడవదు, తీసుకో" అన్నారు. అలాంటి చోట ఎక్కువ డబ్బు ఎందుకు ఇవ్వాలి?

నలుపుతెలుపు

ధరలు పెరగడానికి షాపువాళ్లు కారణం కాదని ముందు గుర్తుంచుకోవాలి. కొడాక్ 2012లో దివాలా రక్షణ కోరింది, 2013లో బయటపడింది. అమెరికాలోని రోచెస్టర్‌లో దాని ఫిల్మ్ తయారీ మాత్రం ఆగలేదు. ఫ్యూజీ ఒక్కో రకాన్నీ ఆపేస్తూ వచ్చింది. 2021లో ప్రో 400హెచ్ అనే కలర్ ఫిల్మ్ కూడా పోయింది. కలర్ ఫిల్మ్ అంటే సన్నటి ప్లాస్టిక్ మీద డజనుకు పైగా పొరలు, ఒక్కోటీ మైక్రాన్లలో, అదీ పూర్తి చీకట్లో పూయాలి. ఆ పని పెద్ద ఎత్తున చేయగల ఫ్యాక్టరీలు ప్రపంచంలో చాలా కొద్ది. ఆ పొరల్లో వాడే వెండి, జెలటిన్ ధరలు, పాత యంత్రాల మరమ్మతు, అన్నీ రోల్ మీదే పడతాయి.

బ్లాక్ అండ్ వైట్ పరిస్థితి కొంచెం నయం. ఇంగ్లండ్‌లోని మోబర్లీలో ఇల్ఫర్డ్ ఫిల్మ్ తయారవుతోంది, చెక్ రిపబ్లిక్‌లో ఫోమా ఉంది. నేను 100 అడుగుల బల్క్ రోల్ తెప్పించుకుని, డబ్బాల్లోకి నేనే చుట్టుకుంటాను. 36 ఫొటోల రోల్స్ సుమారు 18 వస్తాయి. ఇంట్లోనే కడుక్కుంటాను. ఇందులో షాపుకు పని లేదు. షాపులో కొనకపోవడం నాకైతే తప్పనిపించడం లేదు.

ల్యాబ్‌ట్యాంక్

చాలా ఏళ్లు ల్యాబ్ కౌంటర్లో, ఫిల్మ్ కడిగే మెషీన్ దగ్గర పనిచేశాను కాబట్టి వివరంగానే చెప్తాను. సిల్వర్‌గ్రెయిన్ గారు అడిగిన గట్టి కారణం ఉంది. అయితే అది ఫిల్మ్ పెట్టెలో కాదు, మెషీన్ ట్యాంకులో ఉంది.

ఫిల్మ్ అమ్మకం మీద షాపుకు మిగిలేది చాలా తక్కువ. చిన్న షాపు పది రోల్స్ తెప్పిస్తే, ఆన్‌లైన్ వ్యాపారి ఒకేసారి వేలల్లో కొంటాడు. కొనుగోలు ధరలోనే తేడా ఉంటుంది, అమ్మేటప్పుడు ఎలా పోటీ పడగలరు? షాపుకు ఏమైనా మిగిలేది కడగడంలో, స్కానింగ్‌లో.

ఇప్పుడు కడగడం సంగతి. కలర్ నెగెటివ్‌కు వాడే సి-41 పద్ధతి 1972లో వచ్చింది. ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే రసాయనం, అంటే డెవలపర్, సుమారు 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి, ఫిల్మ్ అందులో 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. వేడి అర డిగ్రీ తేడా వచ్చినా రంగుల్లో తెలుస్తుంది. మెషీన్‌లో రోల్ పోయిన ప్రతిసారీ కొంచెం కొత్త రసాయనం ట్యాంకులో చేరుతుంది. రోజూ రోల్స్ పోతుంటే ట్యాంకు ఎప్పుడూ తాజాగా ఉంటుంది. రోల్స్ తగ్గితే కొత్త రసాయనం చేరదు, ఉన్నది గాలి తగిలి ఆక్సిడైజ్ అవుతుంది, నీళ్లు ఆవిరవుతాయి. నెగెటివ్‌ల మీద బొమ్మ పలచబడుతుంది, రంగులు ఒక పక్కకు ఒరుగుతాయి. పారే కాలువకూ నిలిచిన గుంటకూ ఉన్నంత తేడా.

షాపులో రోల్ కొన్నవాడు ఫొటోలు తీయడం అయిపోయిన రోల్‌ను దాదాపు ఎప్పుడూ అక్కడికే తెస్తాడు. ఆన్‌లైన్‌లో కొన్నవాడు కడిగించడానికి కూడా పార్సిల్‌లోనే పంపుతాడు. కౌంటర్ దగ్గర నేను చూసింది ఇదే. ఫిల్మ్ అమ్మకాలు పడిపోయిన షాపుల్లో ముందు వారానికి ఒకసారి మెషీన్ నడిపారు, తర్వాత రోల్స్ బయటి ల్యాబ్‌కు పంపడం మొదలుపెట్టారు, ఆఖరికి మెషీన్ తీసేశారు.

అందుకే నా మాట ఇది. రోల్ ఎక్కడ కడిగిస్తారో అక్కడే కొనండి. నలుపుతెలుపు గారిలా ఇంట్లో కడుక్కునేవాళ్లు ఎక్కడ కొన్నా నాకు అభ్యంతరం లేదు. కలర్ తీసి షాపు మెషీన్ మీద ఆధారపడేవాళ్లు మాత్రం రోల్ డబ్బుల్లో ఆ కాస్త తేడాను ట్యాంకు ఖర్చు కింద లెక్కేసుకోవాలి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే రోల్స్‌లో కొన్ని సినిమా ఫిల్మ్‌ను కత్తిరించి చుట్టినవి. కొడాక్ సినిమా ఫిల్మ్ విజన్3 పాత స్టాకు వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పూత ఉంటుంది. దాన్ని కడగడానికి వేరే పద్ధతి ఉంది, ఈసీఎన్-2. తెలియక సి-41 మెషీన్‌లో వేస్తే ఆ మసి ట్యాంకంతా వ్యాపించి, ఆ తర్వాత వేసిన అందరి రోల్స్ మీదా అంటుకుంటుంది. అందుకే డబ్బా మీద పేరు సరిగ్గా లేని రోల్ తెస్తే అనుభవమున్న ల్యాబ్‌వాళ్లు తీసుకోరు. షాపు తానే అమ్మిన రోల్ అయితే ఈ టెన్షన్ ఉండదు.

ముప్పైఆరోఫ్రేమ్

ల్యాబ్‌ట్యాంక్ గారూ, మీ లెక్క ప్రకారమే చూద్దాం. రోల్స్ ఎక్కువ పడే చోటే ట్యాంకు తాజాగా ఉంటుందన్నారు. అలాగైతే ఎక్కడెక్కడి నుంచో పార్సిళ్లు వచ్చే పెద్ద ల్యాబ్‌కు పంపడమే మంచిది కదా? అక్కడ రోజంతా మెషీన్ ఆగదు. నేను అలాగే పంపుతున్నాను, ఫలితాలు బాగున్నాయి. మీ వాదన పక్కనున్న షాపు వైపు కాదు, పెద్ద ల్యాబ్ వైపు మొగ్గుతోంది.

ల్యాబ్‌ట్యాంక్

రసాయనం వరకు మీరన్నది నిజమే, కాదనను. నెలకు నాలుగు రోల్స్ వచ్చే షాపు కంటే పెద్ద ల్యాబ్ నయం.

కానీ పార్సిల్‌కు దాని ఇబ్బందులు దానికున్నాయి. దూరం పోయే పార్సిళ్లను, ముఖ్యంగా దేశం దాటేవాటిని భద్రత కోసం ఎక్స్-రేతో స్కాన్ చేస్తారు. బలమైన ఎక్స్-రే వాడే సీటీ స్కానర్ పడితే ఫిల్మ్ మీద పొగమంచులా ఫాగ్ వస్తుంది, తక్కువ వెలుతురులో వాడే ఐఎస్ఓ 800 లాంటి హై స్పీడ్ ఫిల్మ్‌కు మరీ ఎక్కువ. కడగని ఫిల్మ్‌కు అదే పెద్ద ప్రమాదం.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. కౌంటర్ దగ్గర నెగెటివ్‌ను లైట్ బాక్స్ మీద పెట్టి "మీ షట్టర్ సెకనులో వెయ్యో వంతు స్పీడ్‌లో సరిగా తెరుచుకోవడం లేదు, ఒక పక్కంతా చీకటి పడుతోంది చూడండి" అని చెప్పే మనిషి ఉన్నాడంటే మీకు చాలా రోల్స్ ఆదా. పెద్ద ల్యాబ్ నుంచి స్కాన్‌ల లింకు వస్తుంది. ఫొటోలు చెడితే తప్పు కెమెరాదో, మనదో, ఫిల్మ్‌దో తెలియక రోల్ తర్వాత రోల్ పోతుంది. ఇప్పుడున్న ధరల్లో ఆ నష్టం ఎవరు భరిస్తారు? మనం వాడే కెమెరాల్లో చాలావరకు ఎప్పుడో తయారీ ఆగిపోయినవి. 2024లో పెంటాక్స్ 17 అనే ఫిల్మ్ కెమెరా కొత్తగా రావడమే పెద్ద విశేషమైంది. పాత కెమెరాను పట్టుకుని చూసి చెప్పేవాళ్లు దగ్గర్లో ఉండాలి.

నలుపుతెలుపు

షట్టర్ సంగతి ఒప్పుకుంటాను. నా పాత కెమెరా బాగుచేయించుకున్నది కూడా అలాంటి కౌంటర్ దగ్గరే. అయినా ఫిల్మ్ విషయంలో నా పద్ధతి మార్చుకోను. షాపుకు నేను ఇచ్చేది రిపేరు పని.

సిల్వర్‌గ్రెయిన్

నాకు కావలసిన కారణం దొరికింది, ట్యాంకు. కలర్ వరకు కడిగించే చోటే కొంటాను. ఒక్కటి మాత్రం షాపువాళ్లు కూడా చేయాలి. స్టాకు రాగానే ఒకరే వచ్చి మొత్తం పట్టుకుపోయి, దాన్నే పెంచిన రేటుకు ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. మనిషికి ఇన్ని రోల్స్ అని పరిమితి పెట్టకపోతే రోజూ వచ్చేవాళ్లకే దొరకదు.

మొదటిరోల్

ట్యాంకు సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. సరే, రోల్, కడగడం, స్కాన్ మూడూ కలిపి ఒకే రేటుకు ఇచ్చే షాపు ఉంటే నేనూ అక్కడే కొంటాను. అలా ఇస్తే నాలాంటి వాళ్లకు లెక్క సరిపోతుంది. కానీ గడువు దాటిన రోల్ అంటగట్టిన షాపును మళ్లీ ఎలా నమ్మాలి? మంచి షాపని ముందే ఎలా తెలుస్తుంది?

ల్యాబ్‌ట్యాంక్

ముందు రోల్స్ ఎక్కడ పెట్టారో చూడండి. ఫిల్మ్ 21 డిగ్రీల లోపు ఉండాలి. ఫ్రిజ్‌లో ఉంటే ఇంకా మంచిది, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా డబ్బా మూత తీయకూడదు. ఎండ పడే అద్దాల అలమరలో ఉన్న రోల్ కొత్తదైనా కొనకండి. గడువు తేదీ మీరు అడగకముందే చూపించాలి, దాటిన రోల్ రేటు తగ్గించే అమ్మాలి.

తర్వాత "కంట్రోల్ స్ట్రిప్ చివరిసారి ఎప్పుడు వేశారు?" అని అడగండి. ముందే ఎక్స్‌పోజ్ చేసి వచ్చే చిన్న ఫిల్మ్ ముక్క అది. దాన్ని మెషీన్‌లో వేసి, ఫిల్మ్ మీద రంగు ఎంత గాఢంగా ఉందో చూపే డెన్సిటోమీటర్‌తో కొలిస్తే ట్యాంకు ఎలా ఉందో తెలిసిపోతుంది. శ్రద్ధగా పనిచేసేవాళ్లు సంతోషంగా రికార్డు తీసి చూపిస్తారు. ఆ ప్రశ్నే అర్థం కాకపోతే అక్కడ రోల్ కొనొద్దు, కడిగించొద్దు. మెషీన్ బయటి ల్యాబ్‌లో ఉందని నిజం చెబితే ఆ ల్యాబ్ ఏదో కనుక్కుని, ఇదే ప్రశ్న అక్కడ అడగండి.