రేడియేటర్ మార్చాక కూడా ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎక్కుతోంది, ముందు ఏం చూడాలి?

ప్రశ్న:

అందరికీ నమస్తే అండి. నాది పదేళ్ళ పాత పెట్రోల్ బండి. పాత రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ ట్యాంక్ చీలి కూలెంట్ కారిపోతుంటే పోయిన వారం కొత్త రేడియేటర్ వేయించా. అప్పట్నుంచి ఈ గొడవ మొదలైంది. ఖాళీ రోడ్డు మీద 80లో పోతుంటే ముల్లు మధ్యలోనే కదలకుండా ఉంటుంది, ట్రాఫిక్‌లో ఓ ఐదు నిమిషాలు ఇరుక్కుంటే చాలు మెల్లగా పైకి పాకుతుంది, ఎర్ర గీత దాకా వచ్చేలోపే భయమేసి పక్కకి తీసి ఇంజిన్ ఆపేస్తున్నా, ఇప్పటికి రెండుసార్లు అయింది. హీటర్ వేస్తే బండి ఆగి ఉన్నప్పుడు చల్లగాలే, యాక్సిలరేటర్ తొక్కి పడితే వేడి వస్తుంది, వదిలితే మళ్ళీ చల్లగాలి. సంబంధం ఉందో లేదో గానీ సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ కూడా చల్లగా రావట్లేదు. ఫ్యాన్ తిరుగుతోంది, కళ్ళారా చూశా. మెకానిక్ ఏమో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్), వాటర్ పంప్ రెండూ మార్చేద్దాం అంటున్నాడు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి, ఇలా ఉంటే దూరం తీసుకెళ్ళడానికి ధైర్యం చాలట్లేదు.

జవాబు 1:

పార్టులు మార్చే మాట ఇప్పుడే వద్దండి. మీరు చెప్పిన హీటర్ సంగతి వింటే లోపల గాలి ఇరుక్కుందనే అనిపిస్తోంది. ఆగి ఉన్నప్పుడు చల్లగాలి, రేజ్ చేస్తే వేడిగాలి వచ్చిందంటే హీటర్ కోర్‌లోకి, అంటే క్యాబిన్‌కి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్‌లోకి, కూలెంట్ సరిగ్గా అందట్లేదన్నట్టే, పంప్ వేగం పెరిగినప్పుడు మాత్రం గాలిని నెట్టుకుని అంతోఇంతో వెళ్తోంది. రేడియేటర్ విప్పాక బ్లీడింగ్, అంటే లోపలి గాలిని బయటికి తీసేయడం, సరిగ్గా చేయకపోతే ఇది మామూలే.

బండి పూర్తిగా చల్లారాక, అంటే రాత్రంతా ఆగాక పొద్దున్నే చేయండి. వేడి మీద క్యాప్ మాత్రం ముట్టుకోవద్దు, క్యాప్ 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే ఉత్త నీళ్ళు కూడా 120 డిగ్రీల దాకా మరగవు, తెరిచిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి మొత్తం మొహం మీదకి ఎగజిమ్ముతుంది. ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి కూలెంట్ మెల్లగా పోయండి, అక్కడ బుడగలు ఆగి ధారగా వస్తే బిగించండి. క్యాప్ తీసే ఉంచి స్టార్ట్ చేసి స్లోలో వదిలేయండి. మొదట్లో రేడియేటర్ పై పైపు చల్లగానే ఉంటుంది, థర్మోస్టాట్ తెరుచుకోగానే, చాలా బళ్ళలో అది 80, 90 డిగ్రీల మధ్య, పైపు ఒక్కసారిగా వేడెక్కి లెవెల్ గుబుక్కున దిగుతుంది, అప్పుడు మళ్ళీ పోయాలి. ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా ఓపిక పట్టండి. మధ్యలో ముల్లు మామూలు కంటే పైకి పోతే ఆపేయండి.

ఒక్క అనుమానం, ఎంత కూలెంట్ పోశారో గుర్తుందా?

ప్రశ్న అడిగినవారు:

మూడు లీటర్లు, నా ఎదురుగానే పోశాడు. మాన్యువల్‌లో మొత్తం 5 అని ఉంది.

జవాబు 1:

పాతది కొంత ఇంజిన్ బ్లాక్‌లోనే ఉండిపోతుంది కాబట్టి 5 పట్టకపోవచ్చు, అయినా మూడు తక్కువే అనిపిస్తోంది. బ్లీడ్ చేసి చూడండి.

జవాబు 2:

పైన చెప్పింది కరెక్టే, కానీ నాకు ఇంకోటి కూడా ఉందనిపిస్తోంది. రోడ్డు మీద బాగుండి ఆగితేనే వేడెక్కుతోందంటే రేడియేటర్‌కి తగిలే బయటి గాలి సంగతి చూడాలి, బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి సరిపోతుంది, ఆగితే అంతా ఫ్యాన్ మీదే. పైగా ఆగినప్పుడు ఏసీ కూడా డల్ అవుతోంది అన్నారు, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది, దానికీ అదే ఫ్యాన్ గాలి కావాలి. రెండూ ఒకేసారి తేడా చేస్తున్నాయంటే నా అనుమానం ఫ్యాన్ మీదే. తిరుగుతోంది అన్నారు సరే, ఎటు తిరుగుతోంది? రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ ముందు నుంచి గాలిని ఇంజిన్ వైపు లాగాలి. వైర్లు తారుమారైతే మోటార్ ఉల్టా తిరుగుతుంది, చూడ్డానికి ఏ తేడా తెలీదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి, ఫ్యాన్ తిరగ్గానే గ్రిల్ ముందు ఒక కాగితం పెట్టండి. అతుక్కోవాలి. చేతులు మాత్రం ఫ్యాన్ దగ్గరికి పోనివ్వకండి.

జవాబు 3:

రెండుసార్లు ముల్లు ఎర్ర గీత వైపు ఎక్కింది అన్నారు కాబట్టి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీల్) మీద కూడా ఓ కన్నేసి ఉంచండి బ్రదర్. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు పై పైపు నొక్కితే గట్టిగా ఉన్నా, కూలెంట్ బాటిల్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపినట్టు తెల్లగా కనిపించినా బండి తీయొద్దు. ఇవేవీ లేకపోతే కంగారు పడక్కర్లేదు. రేడియేటర్‌కి పాత క్యాపే వేశారా? దాని రబ్బరు గట్టిపడి ఉంటే కొత్తది వేసేయండి, దానిమీద రాసున్న ఒత్తిడి నంబరే (బార్‌లలో) చూసుకుని, 0.9 ఉన్నచోట 1.1 వేయకండి.

ప్రశ్న అడిగినవారు:

ఇవాళ పొద్దున రెండూ చేశా. బ్లీడింగ్‌లో గుడగుడమని బుడగలు వచ్చి దాదాపు లీటరు కూలెంట్ పట్టింది, ఇప్పుడు స్లోలో కూడా హీటర్ వేడిగా వస్తోంది. అయినా పావుగంట నిలబెట్టి ఉంచితే ముల్లు మళ్ళీ కదిలింది. ఆపేసి చల్లారాక కాగితం పెట్టి చూశా, అతుక్కోలేదు సరికదా ఎగిరి నా చొక్కాకి తగిలింది! వంగి చూస్తే ఫ్యాన్ కనెక్టర్ పక్కన రెండు వైర్లు కోసి నల్ల టేపుతో అతికేసి ఉన్నాయి, ఇటు ఎర్ర వైరుకి అటు నల్ల వైరు. బ్యాటరీ తీసి వాటిని సరిచేయించి మళ్ళీ కాగితం పెడితే టప్పున అతుక్కుంది. అరగంట ఏసీ వేసి ఆపి ఉంచా, ముల్లు మధ్యలోంచి కదల్లేదు. డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంది, క్యాప్ రబ్బరు పగిలింది, అదే నంబరుది కొత్తది తెచ్చా. మీ ముగ్గురికీ చాలా థాంక్స్ అండి, థర్మోస్టాట్, పంప్ మార్చించే పని తప్పింది.

జవాబు 1:

సంతోషం అండి. ఒక వారం పాటు రోజూ పొద్దున్నే బాటిల్ లెవెల్ చూసుకోండి, మిగిలిన గాలి బయటికి వచ్చేకొద్దీ కొంచెం దిగొచ్చు, దిగితే అదే కూలెంట్ పోయండి, వేరే రకం కలపకండి.