పెద్దన్నా, పెత్తనమా?

ప్రశ్న: మన్రో సిద్ధాంతం మీద ఒక వ్యాసం దిద్దుతున్నాను. రచయిత 1823 నుంచి నేటిదాకా ప్రతి పేరాలోనూ 'పెద్దన్న అమెరికా' అని రాసుకుపోయారు. ఉంచనా, కొట్టేయనా?

జవాబు: 1823 దగ్గర మొహమాటపడకుండా కొట్టేయండి. ఆ డిసెంబరు 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో కాంగ్రెస్‌కు పంపిన సందేశమే మన్రో సిద్ధాంతం, అది యూరప్ రాజ్యాలకు హెచ్చరిక. అమెరికా ఖండాల్లో కొత్త వలసలు పెట్టొద్దు, మీ తగాదాల్లో మేం తలదూర్చం అని. ఆ మాట నిలబెట్టుకునే నౌకాబలం అప్పట్లో అమెరికాకేదీ? 1833లో బ్రిటన్ ఫాక్‌లాండ్ దీవులను ఆక్రమిస్తే అమెరికా అడ్డుపడనే లేదు. ఇందులో పెద్దన్న ఎక్కడున్నాడు చెప్పండి!

మరో జవాబు: 1904కి వస్తే నేనైతే 'పెత్తనం' అంటాను. లాటిన్ అమెరికా దేశాలు అప్పులు ఎగ్గొడితే యూరప్ యుద్ధనౌకలు వస్తాయి కాబట్టి, ఆ దేశాలను దారిలో పెట్టే పోలీసు పని మాదేనని అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ప్రకటించాడు. మరుసటి ఏడాది డొమినికన్ రిపబ్లిక్ కస్టమ్స్ వసూళ్లు అమెరికా అధికారుల చేతికి పోయాయి. వచ్చిన దాంట్లో 45 శాతం ఆ ప్రభుత్వానికి, 55 శాతం అప్పులవాళ్లకు. ఇంటి గల్లాపెట్టె తాళాలు తీసుకున్నవాణ్ణి అన్న అనరు కదండీ. పెత్తనం కూడా 'పెద్దతనం' నుంచి పుట్టిందే. కాకపోతే పెద్దరికం ఊరు ఇస్తుంది, పెత్తనం మనిషి తనంతట తాను చేస్తాడు.

ప్రశ్న అడిగినవారు: తేడా బాగుందండీ. కానీ పత్రిక చదివేవాళ్లకు 'పెద్దన్న' అంటే గౌరవమేం కాదు, ఎత్తిపొడుపే. ఆ లెక్కన అంతటా చెల్లదా?

జవాబు: అంతటా ఒకే ఎత్తిపొడుపు అయితే విధానం మారిన సంగతే కనపడదు. 1933లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ 'మంచి పొరుగు' విధానం అన్నాడు. 1934లో హైతీ నుంచి సైన్యాన్ని వెనక్కి పిలిచాడు, క్యూబాలో జోక్యానికి హక్కిచ్చిన ప్లాట్ సవరణా రద్దయింది. ఇరవై ఏళ్లు తిరిగాయో లేదో, 1954లో గ్వాటెమాలాలో అధ్యక్షుడు అర్బెంజ్ ప్రభుత్వాన్ని కూల్చడంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ హస్తం. ఈసారి సాకు కమ్యూనిజం; అర్బెంజ్ భూసంస్కరణల్లో పోయినవాటిలో ఒక అమెరికన్ పళ్ల కంపెనీ బీడు భూములూ ఉన్నాయి. దీనికి పెత్తనం అన్న మాట కూడా చాలదు. పెత్తనం పదిమంది ఎదుట చేసేది, ఇది చాటున జరిగింది. 'కుట్ర' అనే రాయండి.

మరొకరు: చివర్లో ఇదీ చేర్పించండి. మన్రో సిద్ధాంతం కాలం చెల్లిందని 2013లో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెరీ అన్నారు. 2025 డిసెంబరు జాతీయ భద్రతా వ్యూహపత్రంలో ట్రంప్ ప్రభుత్వం మళ్లీ దాన్ని ఎత్తుకుంది, తన పేరున ఒక అనుబంధం తగిలించి మరీ. పెద్దన్నను అంతగా వాడాలనుంటే అక్కడ వాడుకోమనండి.

ప్రశ్న అడిగినవారు: సరే, ఒక్కచోటే ఉంచుతాను. 1933కి?

జవాబు: 'మంచి పొరుగు' చాలు. రూజ్వెల్ట్‌లు ఇద్దరున్నారు, రెండుచోట్లా పూర్తి పేరు పడేలా చూడండి.