షికాగో టాయ్ సోల్జర్ షోకి మొదటిసారి వెళ్తున్నా, ఏం చూసుకోవాలి?

నేపర్‌విల్_కుర్రాడు:
షామ్‌బర్గ్‌లో (షికాగో పక్కనే) జరిగే ఈ సైనికుల బొమ్మల అమ్మకాల షోకి ఈసారైనా వెళ్దామనుకుంటున్నాను. నా దగ్గరున్నవన్నీ కొత్తవే, కింగ్ అండ్ కంట్రీ అనే కంపెనీ వాళ్ళవి కొన్ని, మిగతావి ప్లాస్టిక్. ఇంగ్లండ్ బొమ్మల కంపెనీ బ్రిటన్స్ వాళ్ళ పాత సీసం బొమ్మలు రెండు మూడైనా కొనాలని కోరిక. బడ్జెట్ 200 డాలర్లు. ఆదివారం పొద్దున వెళ్తే చాలా? నకిలీవి అంటగడతారేమోనని కొంచెం టెన్షన్‌గా ఉంది.

సీసం_పిచ్చోడు:
ఆదివారం హాల్లో టేబుళ్ళు చూసి అదే షో అనుకోకు తమ్ముడూ. అసలు బేరాలన్నీ అంతకుముందు రాత్రుళ్ళు షో జరిగే హోటల్ గదుల్లోనే అయిపోతాయి. అమ్మేవాళ్ళు తలుపులు బార్లా తీసి, మంచం మీద, టీవీ బల్ల మీద, ఆఖరికి కిటికీ గట్టు మీద కూడా బొమ్మలు పరిచి కూర్చుంటారు, ఎవరైనా లోపలికెళ్ళి చూడొచ్చు. శనివారం సాయంత్రమన్నా వెళ్ళు. క్యాష్ ఉంచుకో. అడగకుండా బొమ్మ చేత్తో తీయకు, ఆ ఒక్కటీ వాళ్ళకి నచ్చదు.

పాతబొమ్మలు:
నకిలీల సంగతి నేను చెప్తానండి. 1893లో బ్రిటన్స్ వాళ్ళు బోలు పోత (లోపల ఖాళీగా ఉండేలా పోయడం) మొదలుపెట్టారు. కరిగిన సీసం అచ్చులో పోసి, అంచున పొర గట్టిపడగానే మిగతాది బయటికి ఒంపేస్తారు. సీసం తక్కువ పడుతుంది, ధర తగ్గుతుంది, జర్మనీ నుంచి వచ్చే ముద్ద బొమ్మల (లోపలంతా సీసమే ఉండేవి) వ్యాపారం అక్కడే దెబ్బతింది. అలా ఒంపిన చోట, చాలా బొమ్మలకి టోపీ పైన, చిన్న కన్నం మిగులుతుంది. చేతిలో పెట్టుకుంటే బరువుగా, ముద్దగా అనిపిస్తే తర్వాతెవరో మళ్ళీ పోసిందేమో అని అనుమానించండి. మడతల్లో, బెల్టు కింద రంగు మందంగా పేరుకుని ఉంటే మళ్ళీ వేసిన రంగే. రంగు పెచ్చులూడినా ఒరిజినల్ రంగున్నదే కొనండి, నిగనిగలాడే దాని జోలికి పోకండి.

రాజమండ్రి_రెజిమెంట్:
బ్రిటన్స్ 67వ నంబరు సెట్టు మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీది (బ్రిటిష్ కాలపు మద్రాసు పదాతి దళం), కనబడితే ఫొటో పెట్టు బ్రో. ఆ మద్రాసు సైన్యంలో మనవాళ్ళు బోలెడంతమంది ఉండేవాళ్ళు. ఒరిజినల్ ఎర్ర పెట్టెతో సహా నీ బడ్జెట్లో వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు, విడి బొమ్మొకటి దొరికితే అదే పదివేలు.

నేపర్‌విల్_కుర్రాడు:
థాంక్స్ అన్నా. మా పాపకి నాలుగేళ్ళు, ఇంట్లో పెట్టొచ్చా ఇవి?

పాతబొమ్మలు:
బొమ్మా సీసమే, రంగులోనూ సీసం ఉంటుంది. బ్రిటన్స్ వాళ్ళే 1966లో సీసం పోత ఆపేశారు. తాళం వేసే అద్దాల బీరువాలో పెట్టండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. బీరువా ఓక్ చెక్కది మాత్రం వద్దు, ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం బూడిదరంగు పొడి రాలుతుంది. కొనేటప్పుడు కూడా కాళ్ళ దగ్గర, పీట అడుగున అలాంటి పొడి ఉందేమో చూడండి, ఉంటే సగం ధరకిచ్చినా వదిలేయండి.

సీసం_పిచ్చోడు:
సగం ధరకైతే నేను తీసుకుంటా, ఏ గదో చెప్పు 😄