బ్లాక్ కొలత తప్పితే కోసి సరిచేయాలా, కుట్టులోనే పట్టుకోవాలా?

కొత్తసూది:
అందరికీ నమస్కారం. మొదటిసారి పెద్ద క్విల్ట్, అంటే బట్ట ముక్కలు కలిపి కుట్టే దుప్పటి మొదలుపెట్టాను. మొత్తం తొమ్మిది బ్లాకులు (చిన్న ముక్కలు కుట్టి చేసే చతురస్రాలు), తొమ్మిదీ వేరే వేరే డిజైన్లు. పూర్తయ్యాక ఒక్కోటి 12 అంగుళాలు ఉండాలి. అంటే చుట్టూ కుట్టుకి వదిలే పావు అంగుళం మార్జిన్ కలుపుకుని ఇప్పుడు స్కేలు మీద 12 1/2 చూపించాలి. ఐదు కుట్టాను. ఒక్కటంటే ఒక్కటి కూడా 12 1/2 లేదు.

మూడు వరుసల్లో తొమ్మిది గళ్లుండే నైన్ ప్యాచ్ 12 3/8 వచ్చింది. అడ్డంగా నాలుగు గళ్లుండే స్టార్ బ్లాకులు రెండూ 12 5/16. అడ్డంగా ఆరు గళ్లుండే చిన్న ముక్కల బ్లాకు 12 3/16. నాలుగు త్రికోణాలు మధ్యలో కలిసే హవర్‌గ్లాస్ మాత్రం ఎదురు తిరిగి 12 5/8 వచ్చింది, పైగా అంచులు అలల్లా లేస్తున్నాయి.

తెలిసినావిడ ఒకరు "అన్నిటికంటే చిన్నదాని కొలతకి మిగతావన్నీ కోసేయ్" అన్నారు. ఇంకొకరు "విప్పి మళ్లీ కుట్టు, వేరే దారి లేదు" అన్నారు. విప్పడమనే మాట వింటేనే టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

కత్తెరమ్మ:
కోసేయండి. ఇందులో ఆలోచించడానికేముంది? నేను ఏళ్ల తరబడి చేస్తున్నది అదే. చతురస్రపు స్కేలు పెట్టి నాలుగు వైపులా సమానంగా తీసేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. పరుపు మీద పరిచాక స్కేలు పట్టుకుని ఎవరూ రారు. విప్పడం మొదలుపెడితే బట్ట అంచులు పోగులూడి ఇంకా పాడవుతాయి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి విప్పమని చెప్పడమంటే, ఇక కుట్టొద్దని చెప్పినట్టే.

పోగులెక్క:
కోయకండి. కనీసం ఈ రాత్రికి కోయకండి.

కొత్తసూది గారూ, మీరిచ్చిన అంకెలు ఒకసారి వరుసగా పెట్టి చూడండి. నైన్ ప్యాచ్‌లో అడ్డంగా మూడు ముక్కలు, రెండు కుట్లు. తగ్గింది 2/16. స్టార్‌లో నాలుగు ముక్కలు, మూడు కుట్లు. తగ్గింది 3/16. చిన్న ముక్కల బ్లాకులో ఆరు ముక్కలు, ఐదు కుట్లు. తగ్గింది 5/16. ఎన్ని కుట్లో అన్ని పదహారో వంతులు! పాత లెక్కల్లో పదహారో వంతుని వీసం అనేవారు. మీరు కుట్టుకొక వీసం చొప్పున పోగొట్టుకుంటున్నారు. వీసమెత్తు తేడా అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఐదు చేరేసరికి మూడో వంతు అంగుళానికి దగ్గరవుతోంది.

ఇది చేతకానితనం కాదు, నిజానికి చాలా మంచి వార్త. అన్ని కుట్లూ ఒకే రకంగా తప్పుతున్నాయంటే మీ చెయ్యి నిలకడగా ఉందన్నమాట. తప్పంతా ఒకేచోట ఉంది. ఒక్కో కుట్టులో రెండు బట్టల మార్జిన్లు పోతాయి కాబట్టి, ఒక్కో మార్జిన్ పావు అంగుళం కంటే 1/32 ఎక్కువ పడుతోంది. కోసేస్తే అంచులు సమానమవుతాయి, లోపల జరిగిన తప్పు లోపలే ఉండిపోతుంది.

కత్తెరమ్మ:
లోపల ఉంటే ఉండనివ్వండి, ఎవరికి నష్టం?

పోగులెక్క:
స్టార్ మొనలకి నష్టం. ఆ మొనలు సరిగ్గా అంచు నుంచి పావు అంగుళం లోపల ఆగుతాయి. 12 5/16 ఉన్న స్టార్‌ని 12 3/16కి కోస్తే ఒక్కో వైపు 1/16 పోతుంది. అప్పుడు మొనకీ అంచుకీ మధ్య మిగిలేది 3/16. పక్క బ్లాకుతో కలిపి పావు అంగుళం దగ్గర కుట్టగానే మొన తెగిపోయి మొద్దుగా కనిపిస్తుంది. నైన్ ప్యాచ్‌నైతే కోసుకోండి, పర్వాలేదు. చుట్టూ ఉన్న గళ్లు కొంచెం చిన్నవవుతాయి, అంతే. మొనలున్న బ్లాకు దగ్గర మాత్రం కట్టర్‌ని పక్కన పెట్టేయండి.

రాత్రిమిషన్:
మీ ఇద్దరి మధ్యలో మూడో మాట. కోయడమూ వద్దు, విప్పడమూ వద్దు. రెండు బ్లాకుల మధ్య 1/8 తేడా అయితే సర్దుకుపోతుంది. రెండు కొసలూ, మధ్యా ముందు పిన్ను పెట్టి, పెద్ద బ్లాకుని కిందకి వేసి కుట్టండి. మిషన్ పళ్లు కింది బట్టని కొంచెం ఎక్కువగా లాక్కుంటాయి, అదనంగా ఉన్నది ముడత పడకుండా లోపల కలిసిపోతుంది. 12 అంగుళాల పొడవులో 1/8 ఏపాటిది? 3/16 అంటే కష్టమే గానీ, ఓపికుంటే అవుతుంది.

అయినా తొమ్మిదీ ఒకే డిజైన్ అయ్యుంటే ఈ గొడవే లేదు. అన్నీ 12 5/16 వచ్చినా హాయిగా కలిపేసుకోవచ్చు. ప్యాటర్న్‌లో 12 1/2 అని రాసినంత మాత్రాన వచ్చే తేడా ఏమీ లేదు, అంచు పట్టీల పొడవు మార్చుకుంటే చాలు.

చేతికుట్టు:
నేను మిషన్ వాడను, చేత్తోనే కుడతాను. అందుకే ఈ చర్చ నాకు కొంచెం వింతగా ఉంటుంది. మేం అచ్చు పెట్టి బట్ట వెనకవైపు కుట్టుగీతే గీస్తాం, దాని చుట్టూ ఉజ్జాయింపుగా వదిలి కత్తిరిస్తాం. గీత మీద సూది నడిచిందా లేదా అన్నదే లెక్క. బయట బట్ట ఎంత మిగిలిందన్నది పట్టించుకోం. మిషన్ మీద కోసిన అంచే మీకు గీత. అందుకని కోత తప్పినా కొలత తప్పుతుంది, కుట్టు తప్పినా తప్పుతుంది. ఏది తప్పిందో బ్లాకుని కొలిస్తే ఎలా తెలుస్తుంది?

పోగులెక్క:
సరిగ్గా అడిగారు. బ్లాకుని కొలిస్తే తెలియదు, అందుకే పరీక్ష పట్టీలు. కొత్తసూది గారూ, మీరు క్విల్ట్‌కి వాడుతున్న బట్టలోంచే 1 1/2 అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోయండి. అదే దారం, అదే సూదితో పక్కపక్కన కుట్టి, మామూలుగా ఎలా ఇస్త్రీ చేస్తారో అలాగే చేయండి. మొత్తం 3 1/2 రావాలి. కానీ మొత్తం కంటే ముందు మధ్య పట్టీని కొలవండి. అది కచ్చితంగా 1 అంగుళం ఉండాలి. బయటి పట్టీలు వంకరగా కోసినా, మధ్య పట్టీకి రెండు వైపులా ఉన్నది కుట్టే కాబట్టి అది మీ కుట్టు సంగతి చెబుతుంది. ఆ ఒక్కటీ మాత్రం కొలిచి మరీ కోయండి.

ఇంకోటి. పావు అంగుళమని రాసినా, మిషన్ మీద కుట్టాల్సింది పావుకి ఒకటి రెండు పోగులు తక్కువగా. కుట్టుని ఒక పక్కకి మడిచి ఇస్త్రీ చేసినప్పుడు ఆ మడతలోకి కొంత బట్ట పోతుంది. దారం మందం కూడా కాస్త తింటుంది. 40 నంబరు దారం వాడుతుంటే 50కి మారి చూడండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది.

సెంటీమీటర్:
చిన్న పక్కదారి. ప్యాటర్న్ అంగుళాల్లో ఉందా, సెంటీమీటర్లలో ఉందా ముందు చూసుకోండి. సెంటీమీటర్ల ప్యాటర్న్‌లలో మార్జిన్ తరచుగా 0.75 ఉంటుంది. పావు అంగుళం ఫుట్ (మిషన్‌లో బట్టని నొక్కిపట్టే పాదం) ఇచ్చేది 0.635. ఆ తేడా తెలియక నేను ఆరు గళ్ల బ్లాకొకటి సెంటీమీటరుకి పైగా పెద్దది కుట్టి, మిషన్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

కొత్తసూది:
పట్టీలు కుట్టాను. మధ్యది 15/16. మొత్తం 3 3/8. లెక్క సరిపోయింది, కొంచెం భయమేసింది కూడా. ప్యాటర్న్ అంగుళాల్లోదే. పావు అంగుళం ఫుట్ కొనే పెట్టుకున్నాను కదా, మరి ఎందుకిలా?

పోగులెక్క:
ఫుట్ పేరు పావే. కానీ కొలత ఫుట్ అంచు నుంచి సూది దిగే చోటికి. మిషన్‌ని బట్టి అది కొంచెం అటూ ఇటూ అవుతుంది. సూదిని పక్కకి జరిపే వీలుంటే ఒక్క గడి కుడివైపుకి జరపండి. జరిపాక చక్రం చేత్తో మెల్లగా తిప్పి, సూది ఫుట్‌కి గానీ ప్లేటుకి గానీ తగలట్లేదని చూసుకున్నాకే కుట్టండి. ఆ వీలు లేకపోతే మిషన్ బల్ల మీద టేపు అంటించి దాన్నే హద్దుగా పెట్టుకోండి. ప్రతి మార్పు తర్వాతా మళ్లీ మూడు పట్టీలు.

రాత్రిమిషన్:
ఇస్త్రీ కూడా చూడండి. మార్జిన్లని ఒక పక్కకి మడవకుండా చెరో వైపుకీ పరిచి ఇస్త్రీ చేస్తే ఆ మడత నష్టం బాగా తగ్గుతుంది. నేను అన్నీ అలాగే చేస్తాను.

కత్తెరమ్మ:
అలా పరిచి చేస్తే కుట్ల కూడళ్ల దగ్గర ఏ ఆధారంతో కలుపుతారు? పక్కకి మడిస్తే ఒక వరుస కుట్టు ఎడమకి, కింది వరుసది కుడికి పెట్టి, ఒకదానికొకటి ఆనించి పిన్ను లేకుండానే కుట్టేయొచ్చు. మీ పద్ధతిలో ప్రతి కూడలికీ పిన్నే.

రాత్రిమిషన్:
పిన్ను పెడతాను. ఎనిమిది త్రికోణాలు ఒకచోట కలిసే బ్లాకులో పక్కకి మడిచి చూడండి, మధ్యలో గుండీ కుట్టినట్టు గట్టిగా లేస్తుంది.

చేతికుట్టు:
ఇంతకీ హవర్‌గ్లాస్ సంగతి ఎవరూ మాట్లాడరేం? అన్నీ చిన్నవైతే అదొక్కటే పెద్దదైంది. కుట్టు లావుగా పడితే అది కూడా చిన్నదే కావాలి కదా.

పోగులెక్క:
అవును, అది వేరే జబ్బు. కొత్తసూది గారూ, ఆ త్రికోణాలు ఎలా కోశారు?

కొత్తసూది:
రెండు రంగులు, ఒక్కో రంగులో రెండే త్రికోణాలు కావాలి. ప్యాటర్న్‌లో 13 1/4 చతురస్రాన్ని మూల నుంచి మూలకి రెండుసార్లు కోసి నాలుగు చేయమన్నారు. రెండు మిగిలిపోతాయి కదా అని, ఒక్కో రంగుకి 9 3/8 చతురస్రం తీసుకుని మూల నుంచి మూలకి ఒక్కసారే కోసి రెండు చేశాను. కొలత సరిగ్గానే సరిపోయింది.

పోగులెక్క:
కొలత సరిపోయింది, పోగు సరిపోలేదు. ప్యాటర్న్ చెప్పినట్టు కోస్తే త్రికోణం పొడుగు అంచు నేతపోగు వెంబడి వస్తుంది. మీరు కోసినట్టు కోస్తే ఆ పొడుగు అంచే క్రాస్, అంటే పోగులకి ఏటవాలు అవుతుంది. హవర్‌గ్లాస్‌లో బ్లాకు బయటి అంచులు నాలుగూ ఆ పొడుగు అంచులే. క్రాస్ అంచు చెయ్యి తగిలితేనే సాగుతుంది, ఇక ఆవిరి ఇస్త్రీ పెట్టి అటూ ఇటూ నెట్టారంటే చెప్పనక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె ఎత్తి పెట్టాలి, ఎత్తి పెట్టాలి, రుద్దకూడదు. బట్ట ఆదా చేయాలనుకున్నారు, నేనైనా ఒకప్పుడు అదే చేశాను. ఇప్పుడు త్రికోణాలు కోసే ముందే బట్టకి గంజి పెడతాను.

కత్తెరమ్మ:
త్రికోణాల దగ్గరైనా ఒప్పుకోండి మరి, కోతే దిక్కు. రెండు త్రికోణాల చతురస్రం పూర్తయ్యాక 3 అంగుళాలు కావాలంటే ప్యాటర్న్‌లు 3 7/8 చతురస్రం కోయమంటాయి. నేను 4 కోస్తాను. రెండు రంగులు ఒకదానిమీదొకటి పెట్టి, మూల నుంచి మూలకి గీత గీసి, గీతకి రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు చతురస్రాలు. ఇస్త్రీ చేసి, స్కేలు మీది 45 డిగ్రీల గీతని కుట్టు మీద పెట్టి, 3 1/2కి కోసేస్తాను. ఒక్కటీ తప్పదు.

పోగులెక్క:
ఇది నేనూ ఒప్పుకుంటాను, పూర్తిగా. ఆ 7/8 కూడా దగ్గర లెక్కే. అసలు కావాల్సింది 0.854, అంకె సులువుగా ఉండాలని 0.875కి పెంచారు. కావాలని పెద్దది కుట్టి, లోపలి కుట్టుని ఆధారం చేసుకుని కోయడం ఒక పద్ధతి. చిన్నదైపోయిన బ్లాకులకి సరిపోవాలని మిగతావాటిని అంచు చూసి కోయడం కప్పిపుచ్చడం. నా అభ్యంతరం రెండోదానికే.

కత్తెరమ్మ:
సరే, మరి మీరు చెప్పిన మాట వినడం వల్ల వచ్చిన చిక్కు చూడండి. ఇప్పుడామె సూది జరిపింది. మిగిలిన నాలుగు బ్లాకులూ చక్కగా 12 1/2 వస్తాయి. పాతవేమో 12 3/16 దాకా ఉన్నాయి. తేడా తగ్గిందా, పెరిగిందా?

పోగులెక్క:
...పెరిగింది. ఇది నేను ఆలోచించలేదు.

రాత్రిమిషన్:
పాత కొలతతోనే మిగతావీ కుడితే?

పోగులెక్క:
కుదరదు. ఒకే తప్పు చేసినా కుట్ల సంఖ్యని బట్టి ఒక్కో డిజైన్ ఒక్కో కొలతకే వస్తుంది. అసలు సమస్య అదే కదా.

చేతికుట్టు:
ప్రతి బ్లాకు చుట్టూ ఒకే రంగు పట్టీ వేయండి. 2 అంగుళాల వెడల్పు కోసి నాలుగు వైపులా కుట్టి, ఆ తర్వాత అన్నిటినీ 15 అంగుళాలకి కోయండి, బ్లాకు సరిగ్గా మధ్యలో ఉండేలా. 12 3/16 బ్లాకుకి కూడా ఇంకా కోసుకునేంత మిగులుతుంది. కట్టర్ పట్టీలోనే నడుస్తుంది, స్టార్ మొన జోలికి వెళ్లదు. ఒక బ్లాకు చుట్టూ పట్టీ కొంచెం లావు, ఇంకోదాని చుట్టూ సన్నం, తేడా వీసాల్లోనే. కత్తెరమ్మ గారికి కోతా దక్కుతుంది, పోగులెక్క గారికి మొనా దక్కుతుంది.

కత్తెరమ్మ:
అంటే చివరికి కోయమనే.

పోగులెక్క:
పట్టీని.

కొత్తసూది:
సూది ఒక గడి జరిపి, దారం మార్చి మళ్లీ పట్టీలు కుట్టాను. మధ్యది సరిగ్గా 1, మొత్తం 3 1/2. ఆరో బ్లాకు ఇప్పుడే ఇస్త్రీ బల్ల మీంచి తీశాను. ఒక వైపు 12 1/2, ఇంకో వైపు ఒక పోగు తక్కువ. పాత నాలుగింటికీ విప్పుడు లేదు, తొమ్మిదింటికీ ముదురు నీలం పట్టీలు వేస్తున్నాను. హవర్‌గ్లాస్‌కి 13 1/4 చతురస్రాలు కొత్తగా కోశాను. మిగిలిన నాలుగు త్రికోణాలూ డబ్బాలో పడేశాను. సాగిన పాత హవర్‌గ్లాస్‌ని పిల్లి అప్పుడే తీసుకుంది.