తాత జేబు గడియారం చేతికి కట్టాలంటే: చెవులు అతికించాలా, కడియం చేయించాలా?

కాజీపేట_మనవడు
అందరికీ నమస్కారం. మా తాత రైల్వే గార్డుగా చేసి కాజీపేటలో రిటైరయ్యాడు. ఆయన జేబు గడియారం ఇన్నాళ్లూ అమ్మ బీరువాలో పాత మందుల డబ్బాలో పడి ఉంది. పోయిన నెల ఊరికే కీ ఇచ్చి చూస్తే నడిచింది! స్విస్‌ది, ముందు మూత లేనిది, కీ 12 దగ్గర, చిన్న సెకన్ల ముల్లు 6 దగ్గర. వెర్నియర్ పెట్టి కొలిస్తే 50 మి.మీ., మందం 13, బంగారం షాపులో తూకం వేయిస్తే 92 గ్రాములు. జేబులో పెట్టుకుందామంటే నా జేబులో ఫోనుకే చోటు లేదు, అందుకని చేతికి పెట్టుకోవాలని ఉంది. మా బావేమో "రెండు చెవులు టంకం వేయించి బెల్టు తగిలించరా, గంట పని" అంటున్నాడు. నాకేమో గడియారాన్ని ముట్టుకోకుండా చుట్టూ కడియం లాంటిది చేయించి అందులో కూర్చోబెట్టాలని, ఎప్పుడంటే అప్పుడు తీసేసేలా ఉండాలని. ఏది మంచిది? కడియమే అయితే తోలుదా, ఇత్తడిదా? కీ ఎటువైపు రావాలి?

పాతది_పాతగానే
టంకం మాట ఎత్తొద్దు తమ్ముడూ. సీసం-తగరం టంకం 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కేసు పాడవదు గానీ 92 గ్రాముల బరువు దాని మీద ఆగదు, ఏదో ఒకరోజు బస్సు ఎక్కుతుంటే ఊడి పడుతుంది. గట్టిగా ఆగాలంటే వెండి టంకం వేయాలి, అది 600 డిగ్రీల పైన వ్యవహారం, ఆ మంటకు నికెల్ పూత నల్లబడుతుంది, మళ్లీ పాలిష్ అంటారు, ఆ పాలిష్‌లో వెనక మూత మీద చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. ఇది విన్న కథ కాదు. మా పెదనాన్న గడియారాన్ని మా ఊరి రిపేరు షాపులో ఒకాయన లోపలి మిషను తీయకుండానే టంకం వేశాడు, పింగాణీ డయల్ 4 నుంచి 7 దాకా పగిలింది. అడిగితే "పాతది కదండీ" అన్నాడు.

నీ కడియం ఆలోచన కొత్తదేం కాదు. 1899లో మొదలైన బోయర్ యుద్ధంలోనే బ్రిటిష్ సైనికులు చిన్న జేబు గడియారాన్ని తోలు గిన్నెలో కూర్చోబెట్టి మణికట్టుకు కట్టుకున్నారు. గుర్రం మీద కళ్లెం పట్టుకుని జేబులోంచి గడియారం తీసి చూడటం కుదరదు కదా. తీగ చెవులు అతికించిన కేసులు బాగా వాడుకలోకి వచ్చింది తరవాత, మొదటి ప్రపంచ యుద్ధంలో. అంటే నువ్వూ మీ బావా కొట్టుకుంటున్నది నూరేళ్ల పైబడిన గొడవ.

టిక్‌టిక్_మాస్టారు
ముప్పై ఏళ్లుగా ఇదే బల్ల ముందు కూర్చున్నవాణ్ని, అడ్డు వస్తున్నందుకు ఏమనుకోవద్దు. చెవులా కడియమా అన్నది పైపై సంగతి. అసలు ప్రాణం బ్యాలెన్స్ చక్రం, అంటే అటూ ఇటూ ఊగుతూ టైం నడిపే చక్రం, దాని ఇరుసు కొసల్లో ఉంటుంది. ఆ కొస మందం దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. ఇప్పటి చేతి గడియారాల్లో ఆ కొసను పట్టుకునే రాయిని నొక్కి పట్టే చిన్న స్ప్రింగు ఉంటుంది, దెబ్బ తగిలితే రాయి కాస్త కదిలి మళ్లీ తన చోటుకు వస్తుంది. ఇన్‌కాబ్లాక్ అనే ఆ ఏర్పాటు వచ్చిందే 1930లలో. మీ తాతగారిది అంతకు ముందుదైతే అలాంటిదేదీ ఉండదు. కడియం బంగారందైనా సరే, చేయి ఒక్కసారి తలుపు గడియకు కొట్టుకుంటే కొస విరుగుతుంది. కొత్త ఇరుసు షాపులో సులువుగా దొరకదు, చాలాసార్లు అదే రకం చచ్చిన గడియారం ఇంకోటి వెతికి దాంట్లోంచి తీయాలి.

రెండోది, జేబు గడియారం జేబులో ఎప్పుడూ కీ పైకి ఉండేలా నిలబడి ఉంటుంది. సరిచేసిందీ దానికి తగ్గట్టే. చేతికి కట్టాక అది ఎన్ని వంకర్లు తిరుగుతుందో మీరే చూసుకోండి.

డాలస్_నిద్రలేమి
మాస్టారు చెప్పిన రెండో మాటకు నా దగ్గర సాక్ష్యం ఉంది. ఇక్కడ ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో అమెరికన్ రైల్వే గడియారం కొన్నాను, 16 సైజుది, అంటే లోపలి మిషనే 43 మి.మీ. పైచిలుకు. మిషను మీద '5 పొజిషన్స్' అని చెక్కి ఉంది. 1891లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాక వెబ్ బాల్ అనే గడియారాల వ్యాపారిని పిలిచి రైల్వే గడియారాలకు నియమాలు పెట్టించారు. మూత ఉండకూడదు, కీ 12 దగ్గరే ఉండాలి, వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు, అయిదు భంగిమల్లో పరీక్షించాలి అని క్రమంగా స్థిరపడ్డాయి. డయల్ పైకి, డయల్ కిందికి, కీ పైకి, కీ ఎడమకు, కీ కుడికి. ఆరోది, కీ కిందికి, ఆ లెక్కలో లేదు, తలకిందులుగా ఎవడు పెట్టుకుంటాడని.

అయినా నేను నాదాన్ని తోలు కప్పులో పెట్టి చేతికి కట్టుకుని తిరుగుతున్నా. కీ అరచేతి వైపు, అంటే వేళ్లు ఉన్న వైపుకు వచ్చేలా డయల్ పక్కకు తిప్పి. స్టీరింగ్ మీద చేయి ఉంటే 12 ముందుకు వస్తుంది, తల తిప్పకుండా టైం చూడొచ్చు. కాబట్టి మనవడు గారూ, కీ అరచేతి వైపే పెట్టించండి.

లేత్_బాబాయ్
ఆగు డాలస్ తమ్ముడూ, నీ లెక్కలోనే బొక్క ఉంది. కీ అరచేతి వైపు ఉంటే, చేయి కిందికి వేలాడేసి నడిచేటప్పుడు కీ ఎటు చూస్తుంది? నేల వైపు. ఎవరూ పరీక్షించని ఆరో భంగిమ అన్నావే, సరిగ్గా అందులోనే పెట్టుకుని తిరుగుతున్నావు! నువ్వు కార్లో కూర్చునేవాడివి కాబట్టి నడిచిపోతోంది.

కీ మోచేతి వైపు పెడితే చేయి వేలాడినప్పుడు కీ పైకి ఉంటుంది, గడియారానికి హాయి. కానీ మన కంటికి డయల్ ఎడమ పక్కకు పడుకుంటుంది, చేయి ముందుకు చాపితే ఏకంగా తలకిందులు. మామూలుగా బెల్టు 12 నుంచి 6కు వచ్చేలా పెడితే చూడటానికి సుఖం, చేయి వేలాడినప్పుడు 3 కిందికి వస్తుంది, అది ఆ అయిదింటిలో ఉన్నదే. నా ఓటు దీనికే. ఒక్క చిక్కుంది, కీ మెడ, దాని పైన రింగు బెల్టుకు అడ్డం వస్తాయి. గిన్నె అంచులో మెడకు సరిపడా గాడి కోస్తే ఆ మెడే తాళంలా పనిచేసి గడియారం లోపల గిర్రున తిరగకుండా ఆపుతుంది. అడ్డం అనుకున్నదే పనికొచ్చింది చూశావా.

ఇక లోహం సంగతి. లేత్ మీద ఇత్తడి రింగు తిప్పితే లోపలి కొలత 50 కాదు, 50.8 పెట్టు, చుట్టూ 0.4 మి.మీ. ఫెల్టు అతికించు. చెవులు రింగు పక్కలకు పెట్టొద్దు, 50కి అటూ ఇటూ ఆరేసి కలిస్తే 62 అవుతుంది, నీ మణికట్టు మీద సమంగా ఉండే చోటు మహా అయితే 55 ఉంటుందేమో, రెండు చెవులూ గాల్లో తేలతాయి. రింగు అడుగు నుంచి కీలు పెట్టి కిందికి వంచాలి. ఇత్తడి 60 గ్రాములు వేసుకున్నా మొత్తం 152, ఇవాళ జనం పెట్టుకునే స్టీలు చైను వాచీలు చాలా వరకు ఆ బరువే.

తోలు_సూది
బాబాయ్, చైను వాచీ బరువు మణికట్టు చుట్టూ పంచుకుని ఉంటుంది. మీ ఇత్తడి బరువంతా పైనే. చేయి ఊపితే గిన్నె పక్కకు దొర్లి డయల్ అరచేతి కిందికి వస్తుంది, పెళ్లిలో మూడు సార్లు సరిచేసుకుని నాలుగోసారి తీసి జేబులో పెట్టుకుంటాడు. పైగా ఇత్తడి గిన్నెకు దెబ్బ తగిలితే దెబ్బంతా నేరుగా లోపలికే, మాస్టారు భయపడేదే దానికి.

తోలు అయితే బరువు పాతిక గ్రాములు దాటదు, దెబ్బను కొంత మింగుతుంది. చేసే పద్ధతి చెప్తా. మణికట్టు మీద నాలుగు వేళ్ల వెడల్పు మెత్త, దాని మీద గిన్నె, ఆ రెంటినీ కలిపి పట్టే 22 మి.మీ. బెల్టు. వెడల్పు మెత్త ఉంటే గడియారం దొర్లదు. గిన్నెకు 2 మి.మీ. తోలును నీళ్లలో నానబెట్టి అచ్చు మీద బిగించి రాత్రంతా ఆరనివ్వాలి. దండం పెడతా, అచ్చుగా గడియారాన్నే వాడొద్దు, తడి లోపలికి పోతుంది. నేను మొదటిసారి క్యారమ్ స్ట్రైకర్ పెట్టి చూశా, అది 41 మి.మీ., చాల్లేదు. చివరికి ఏటికొప్పాకలో బొమ్మలు తిప్పే ఆయన దగ్గర అంకుడు కర్రతో 51 మి.మీ. బిళ్ల తిప్పించుకున్నా. ఆయన నవ్వి దానికి లక్క రంగు కూడా వేసిచ్చాడు, ఎర్రది, ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది, తోలుకు చెమట శత్రువు. విశాఖలో మే నెలలో రోజూ కడితే రెండు నెలల్లో వాసనొస్తుంది, గడియారం కేసులో రాగి, ఇత్తడి ఏ కాస్త బయటపడ్డా తోలు తగిలిన చోట పచ్చగా చిలుం పడుతుంది. గిన్నె లోపల పలచటి నూలు గుడ్డ అతికించి, రాత్రి పూట గడియారం బయటికి తీసి పెడితే సరిపోతుంది.

పాతది_పాతగానే
ఇంత తతంగం దేనికి? జేబులో పెట్టుకోవడానికి పుట్టిన వస్తువును జేబులో పెట్టుకోండి. చొక్కా గుండీకి గొలుసు తగిలిస్తే అందమూ ఉంటుంది, ఇరుసూ బతుకుతుంది.

డాలస్_నిద్రలేమి
అన్నా, ఆ మాటే నిజమైతే స్విస్ గడియారాల కంపెనీ ఐడబ్ల్యూసీ వాళ్లు తప్పు చేసినట్టే. 1930లలో ఇద్దరు పోర్చుగీసు వర్తకులు జేబు గడియారం అంత కచ్చితంగా నడిచే చేతి గడియారం కావాలని అడిగితే, వాళ్లు జేబు గడియారం మిషను తీసి చేతి కేసులోనే పెట్టారు. 1939 నుంచి వచ్చిన పోర్చుగీజర్ అదే. ఇవాళ పెద్ద సైజు చేతి వాచీల్లో తిరుగుతున్న యూనిటాస్ 6497, 6498 కూడా జేబు గడియారాల కోసం చేసినవే, 36.6 మి.మీ. మిషన్లు.

టిక్‌టిక్_మాస్టారు
నిజమే బాబూ, కానీ సగమే చెప్పారు. ఐడబ్ల్యూసీ తీసుకున్నది మూత ఉండే జేబు గడియారం మిషను. మూత రకంలో కీ 3 దగ్గర, సెకన్ల ముల్లు 6 దగ్గర ఉంటాయి, చేతికి కట్టినా డయల్ నిటారుగానే ఉంటుంది. వీరిది మూత లేని రకం, కీ 12 దగ్గర. 6498 మూత రకం, 6497 మూత లేని రకం, అందుకే 6497 వేసిన చేతి వాచీల్లో చిన్న సెకన్ల ముల్లు 9 దగ్గరకు వెళ్లిపోతుంది. ఇప్పటి యూనిటాస్‌లకు ఆ స్ప్రింగు రాయి కూడా ఉంది, తాతగారి దానికి లేదు.

మనవడు గారూ, ఏదైనా చేయించే ముందు రెండు పనులు చేయండి. గడియారం కీ పైకి పెట్టి ఒక రోజు, కీ కిందికి పెట్టి ఒక రోజు నడిపి ఫోనుతో పోల్చి రాసుకోండి. రెండోది, అదే సైజు, అదే బరువు ఉన్న డమ్మీ ఏదైనా వారం రోజులు చేతికి కట్టుకుని తిరగండి.

కాజీపేట_మనవడు
ఆలస్యానికి క్షమించాలి, మాస్టారు చెప్పినట్టే చేసి వచ్చాను. స్టీలు గ్లాసులో గుడ్డ వేసి గడియారాన్ని నిలబెట్టా. కీ పైకి ఉంటే రోజుకు 50 సెకన్లు వెనక. కీ కిందికి పెడితే 2 నిమిషాల 10 సెకన్లు వెనక. పక్కలకు రెండు వైపులా నిమిషం చిల్లర. అంటే లేత్ బాబాయ్ లెక్కే కరెక్టు, డాలస్ అన్న పద్ధతి నా గడియారానికి పడదు.

డమ్మీకి చిన్న బూటు పాలిష్ డబ్బా తీసుకుని, సైకిల్ షాపులో ఇనుప గోళీలు కొని 92 గ్రాములు తూచి పోసి, దూది కుక్కి, పాత బెల్టుతో కట్టుకున్నా. ఆఫీసులో ఒకడు బాంబా అన్నాడు. వారం తరవాత డబ్బా మీద సొట్టలు లెక్కపెడితే నాలుగు. ఒకటి బండి స్టాండ్ తీస్తుంటే, ఒకటి లిఫ్టు గ్రిల్లు, ఒకటి మా అమ్మాయి తల (డబ్బాకే సొట్ట, పిల్లకేం కాలేదు, కానీ మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు), నాలుగోది ఎక్కడ తగిలిందో నాకే తెలీదు. ఆ నాలుగోది చూశాక టెన్షన్ పట్టుకుంది.

అందుకని తోలు గిన్నె, బెల్టు 12 నుంచి 6కు, మెడకు గాడి. రోజూ కాదు, పెళ్లిళ్లకీ పండగలకీ. బండి మీద వెళ్తే గిన్నెలోంచి తీసి జేబులోకి. బావకు ఇదంతా చెబితే "దీనికి నెల రోజులా" అన్నాడు. అమ్మకు చెబితే, "మీ తాత ఏనాడు జేబులో పెట్టాడురా, ఇంట్లో పంచె కట్టుకుంటే రొండిన దోపుకునేవాడు, అడ్డంగా" అంది.

పాతది_పాతగానే
రొండిన దోపుకున్నా అది జేబు కిందే లెక్క. నేను ఓడిపోలేదు.

లేత్_బాబాయ్
అడ్డంగా అంటే కీ ఎడమకా కుడికా? అమ్మగారిని అడిగి చెప్పు. ఆ గాడి 7 మి.మీ. కోయించు, 6 పెడితే తోలు ఆరాక మెడ పట్టేస్తుంది.

తోలు_సూది
7 ఎక్కువ బాబాయ్, వదులైపోతుంది. ముందు 6 కోసి, ఆరాక చూసి సానపట్టుకోవచ్చు. మనవడు గారూ, ఆ ఎర్ర బిళ్ల పంపిస్తా, వాడుకుని తిరిగి పంపండి.