రాత్రి పెట్టుకుని పడుకునే లెన్సులు (ఆర్థో-కె): అసలు ఎవరికి పనికొస్తాయి?

హన్మకొండ_అమ్మ:
మా పాపకి పదకొండేళ్ళు. మూడో తరగతిలో సైట్ వచ్చింది, అప్పుడు మైనస్ 1, ఇప్పుడు రెండు కళ్ళకీ మైనస్ 3. జోడు మార్చిన ప్రతిసారీ పవర్ పెరుగుతూనే ఉంది. బ్యాడ్మింటన్ ఆడుతుంది, చెమటకి జోడు జారిపోతోందని రోజూ గొడవే. మొన్న డాక్టరుగారు ఆర్థో-కె గురించి చెప్పారు, రాత్రి పెట్టుకుని పొద్దున తీసేస్తే పగలంతా జోడు లేకుండా కనిపిస్తుందట. నిద్రలో కంట్లో లెన్స్ అంటే నాకు టెన్షన్. మా ఆడపడుచేమో, ఇవన్నీ ఎందుకు వదినా, పద్దెనిమిది దాటాక లేజర్ చేయిస్తే పోతుంది కదా అంటోంది. వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వైజాగ్_ఆప్టోమ్:
నేను లెన్స్ క్లినిక్‌లో ఆప్టోమెట్రిస్టునండి. ఇవి గాలి ఆడే గట్టి లెన్సులు, రాత్రంతా నల్లగుడ్డు మీది సన్నటి పై పొరని మధ్యలో కొద్దిగా చదును చేస్తాయి, పొద్దున తీసేశాక ఆ ఆకారం ఆ రోజుకి నిలబడుతుంది. మానేస్తే కొద్ది రోజుల్లో మళ్ళీ మామూలే. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2002లో రాత్రి వాడకానికి మొదట ఒప్పుకున్న లెన్స్ మైనస్ 6 దాకా, సిలిండర్ (ఆస్టిగ్మాటిజం పవర్) 1.75 దాకా ఉన్నవాళ్ళకి. మైనస్ 4 లోపు వాళ్ళకి చూపు ఇంకా తేలిగ్గా కుదురుతుంది. మీ పాప పవర్ ఆ లెక్కలోనే ఉంది.

ఆట, జోడు సంగతి సరే, మీ పాప విషయంలో అసలు లాభం వేరే. పిల్లల్లో సైట్ పెరగడమంటే కనుగుడ్డు వెనక్కి పొడుగ్గా సాగడం. హాంకాంగ్‌లో ఆరు నుంచి పదేళ్ళ పిల్లల మీద రెండేళ్ళు చూసి 2012లో ప్రచురించిన రోమియో అధ్యయనంలో, జోడు పెట్టుకున్న పిల్లలతో పోలిస్తే ఆర్థో-కె పిల్లల్లో ఆ సాగడం 43 శాతం తగ్గింది. ఆగలేదు, తగ్గింది. ఇక లేజర్ అంటారా, అది ముందు భాగాన్ని చెక్కుతుంది అంతే, సాగిన గుడ్డు సాగినట్టే ఉంటుంది, ఎక్కువ పవర్ వాళ్ళకి కంటి వెనకుండే రెటీనా పొర ఊడే ప్రమాదం లేజర్ తర్వాత కూడా పోదు. అందుకే పవర్ వేగంగా పెరుగుతున్న పిల్లలకే దీన్ని నేను ముందు చెప్తాను.

గచ్చిబౌలి_బ్యాచిలర్:
పెద్దవాళ్ళ వైపు నుంచి నా మాట. నా సైట్ మైనస్ 3.5. ఏసీ ఆఫీసులో పగటి లెన్సులు సాయంత్రానికి ఇసుక పోసినట్టు ఉండేవి, బైక్ మీద దుమ్ము సరేసరి, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పల్చన అని లేజర్ వద్దన్నారు. ఈ రాత్రి లెన్సులు మొదలుపెట్టాక మొదటి వారం చూపు పొద్దునొకలా సాయంత్రం ఒకలా ఉంది, తర్వాత సెట్ అయింది. కానీ రాత్రిపూట ఎదురొచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, రాత్రి డ్రైవింగ్ ఎక్కువుంటే ఆలోచించుకోండి. అర్ధరాత్రి రెండింటికి పడుకుని ఆరింటికి లేచే సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారాల్లో సాయంత్రానికి మసకే. నైట్ షిఫ్టులు తిరిగి తిరిగి వచ్చేవాళ్ళకి నేనైతే చెప్పను.

విజయవాడ_రాధ:
మా బాబుకి కుదరదన్నారు అక్కా. వాడికి ప్రతి ఎండాకాలం కళ్ళు దురద, ఎర్రబడటం, నలుపుకుంటూనే ఉంటాడు. అలర్జీ అదుపులోకి వచ్చేదాకా లెన్స్ ఊసే వద్దని, కెరటోకోనస్ (కార్నియా పల్చబడి శంఖంలా ముందుకు ఉబ్బే జబ్బు) ఉందేమోనని ముందు టోపోగ్రఫీ, అంటే కార్నియా ఆకారాన్ని మ్యాప్‌లా తీసే పరీక్ష, తీశారు. అది లేదు కానీ ఇప్పుడు సైట్ పెరగడం నెమ్మదించడానికి రాత్రిపూట అట్రోపిన్ చుక్కలు, పగలు దానికే ఇచ్చే ప్రత్యేకమైన అద్దాలు. అంటే దారి ఇదొక్కటే కాదు. మీరూ టోపోగ్రఫీ లేకుండా లెన్స్ ఇస్తామంటే లేచి వచ్చేయండి.

హన్మకొండ_అమ్మ:
థ్యాంక్స్ అందరికీ. పాపకి అలర్జీ లేదు. మాది బోరు నీళ్ళు, అది ఇబ్బందా? ఇంకోటి, మా తమ్ముడు ఎస్సై సెలక్షన్‌కి ప్రిపేర్ అవుతున్నాడు, మెడికల్‌కి ముందు ఇవి వాడొచ్చా అని అడుగుతున్నాడు.

వైజాగ్_ఆప్టోమ్:
బోరు అయినా మున్సిపాలిటీ అయినా ఫిల్టర్ నీళ్ళయినా ఆ లెన్స్‌ని, దాని డబ్బాని తాకకూడదు. నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంట్లో చేరితే చూపుకే ఎసరు. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, ఆ తర్వాతే లెన్స్ ముట్టుకోవాలి. ప్రమాదం ఎంతంటారా, అమెరికాలో 2013 నాటి అధ్యయనం అంచనా ప్రకారం పదివేల మంది పిల్లలు ఏడాది వాడితే సుమారు 14 మందికి కార్నియా ఇన్ఫెక్షన్. తక్కువే, కానీ సున్నా కాదు. ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, ఏది వచ్చినా ఆ రాత్రి లెన్స్ పెట్టకుండా వెంటనే చూపించాలి. పొద్దున లెన్స్ అతుక్కుంటే లాగొద్దు, కన్ను తడిపే చుక్కలు వేసి అది కదిలేదాకా ఆగాలి. పదకొండేళ్ళ పిల్లకి ఇదంతా రోజూ పక్కనుండి చూసే మనిషి ఇంట్లో ఉంటేనే మొదలుపెట్టండి.

తమ్ముడి సంగతి, టోపోగ్రఫీ తీస్తే చదును ఇట్టే కనిపిస్తుంది. అడిగిన చోట దాచొద్దు, ముందు నోటిఫికేషన్‌లో చూపు నిబంధన చదువుకోమనండి.

గచ్చిబౌలి_బ్యాచిలర్:
ఒకటి మర్చిపోయా. మీ పాప టోర్నమెంట్లకి ఊళ్ళు తిరిగేదైతే, ఒకట్రెండు రాత్రులు పెట్టుకోకపోతే పవర్ మధ్యలో ఎక్కడో ఉంటుంది, పాత మైనస్ 3 జోడు ఎక్కువైపోతుంది. తక్కువ పవర్ జోడు ఒకటి చేయించి బ్యాగులో పడేయండి.